మంత్రిగారూ, ఆ గొంతుల్ని వ్యూన్స్‌డోర్ఫ్‌కు తెప్పించండి

బ్రాండెన్‌బర్గ్ రాష్ట్ర విజ్ఞాన, పరిశోధన, సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. మొదటి ప్రపంచయుద్ధంలో మీ దగ్గర ఖైదీలుగా ఉన్న మా సిపాయిల గొంతుల రికార్డుల గురించే ఈ ఉత్తరం. దీని జర్మన్ ప్రతిని మీ ఆఫీసుకు పోస్టులో పంపించాను. తెలుగులో అందరి ముందూ పెట్టడానికి ఒక కారణం ఉంది. బెర్లిన్‌లో ఉండే మా తెలుగువాళ్లు వీకెండ్ దొరికితే డ్రెస్డెన్‌కో ప్రాగ్‌కో రైలెక్కుతారు. బెర్లిన్‌కు దక్షిణంగా 40 కిలోమీటర్లు వెళ్లేసరికి ఆ లైను మీద వ్యూన్స్‌డోర్ఫ్ వస్తుంది. కాసేపు పైన్ చెట్లు కనిపిస్తాయి, అంతే. ఎనిమిదేళ్లలో ఎన్నిసార్లు ఫోన్ చూసుకుంటూ ఆ ఊరు దాటిపోయానో నాకే లెక్క లేదు. ఆ చెట్ల వెనక మా దేశం నుంచి వచ్చిన సిపాయిల సమాధులున్నాయని పోయిన వేసవిలోనే తెలిసింది. అదీ మా నాన్న వల్ల.

నాన్నది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. ఆ పక్కనే మాధవరం ఉంది. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచీ ఆ ఊరి కుర్రాళ్లు సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు, ఇంటికొక జవాను అని గొప్పగా చెప్పుకుంటారు. అందుకే జనం దాన్ని మిలటరీ మాధవరం అంటారు. నాన్న ఆ చుట్టుపక్కల బళ్లలోనే టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. వీరగల్లు, అంటే పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి, ఎక్కడుందని తెలిస్తే సైకిలేసుకుని వెళ్లి, దాని మీద పూసిన సున్నం గీకి చూసి వచ్చే మనిషి. మూడు నెలల వీసా మీద నా దగ్గరకొస్తే టీవీ టవర్ చూపించాను, బెర్లిన్ గోడ ముక్కలు చూపించాను. ఆయన దృష్టంతా మీ పల్లెటూళ్ల రాళ్ల మీదే.

మీ రాష్ట్రంలో ఏ ఊరికెళ్లినా చర్చి పక్కనో, ఊరి మధ్యలోనో ఒక రాయి ఉంటుంది. పైన 1914–1918 అని, కింద వరసగా ఆ ఊరి కుర్రాళ్ల పేర్లు. ఒక ఊళ్లో ఒకే ఇంటిపేరు మూడుసార్లు కనిపించింది. నాన్నకు జర్మన్ రాదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "అన్నదమ్ములై ఉంటార్రా" అన్నారు. కాసేపాగి, "ఈ యుద్ధంలో మనవాళ్లు కూడా వీళ్లకు దొరికిపోయారు కదా, వాళ్ల రాయి ఎక్కడుంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఫోన్‌లో వెతికితే వచ్చిన పేరు త్సేరెన్స్‌డోర్ఫ్. నాన్న నోట్లో అది 'సేరన్‌దొర' అయింది, మా ఇంట్లో ఇప్పటికీ అదే పేరు.

ఒక ఆదివారం వ్యూన్స్‌డోర్ఫ్-వాల్డ్‌స్టాట్ స్టేషన్‌లో దిగాం. అటు దారి చూపించే బోర్డేమీ మాకు కనిపించలేదు. ఫోన్ మ్యాప్ పట్టుకుని నడిచాం. నాన్న మోకాళ్ల సంగతి వల్ల గంట పైనే పట్టింది. మీ బ్రాండెన్‌బర్గ్ నేలంతా ఇసుక. గోదావరి ఇసుకలాగే ఉందని నాన్న వంగి ఓ గుప్పెడు తీసి చూశారు. త్సేరెన్స్‌డోర్ఫ్ అన్నది నిజానికి ఇప్పుడు ఊరు కాదు. సైన్యం శిక్షణ మైదానం కోసం మొదటి ప్రపంచయుద్ధానికి ముందే జనాన్ని ఖాళీ చేయించారట. లేని ఊరి పేరు శ్మశానానికి మిగిలింది.

అక్కడ 206 మంది భారత సైన్యపు మనుషులున్నారు. గేటు దగ్గర నాన్న బూట్లు విప్పేశారు. "పైన్ ఆకులు సూదుల్లా గుచ్చుకుంటాయి నాన్నా" అంటే వినలేదు. రాళ్లు వరసగా, పొందికగా ఉన్నాయి. తలమీద సిక్కులకు గురుముఖిలో, ముస్లింలకు అరబీలో, హిందువులకు దేవనాగరిలో ఒక దైవవాక్యం. దాని కింద నంబరు, ర్యాంకు, పేరు, రెజిమెంటు. గూర్ఖా రైఫిల్స్, గఢ్వాల్ రైఫిల్స్ వాళ్లు కనిపించారు. వాక్యం ఎవరి లిపిలో వాళ్లకు ఉంది, పేరు మాత్రం అందరికీ ఇంగ్లీషులోనే. నాన్న దాన్ని పట్టుకున్నారు. "దేవుడికి వాళ్ల భాష వచ్చు, రిజిస్టరుకు మాత్రం రాలేదు" అన్నారు.

శ్మశానం గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ చూసుకుంటోంది, గడ్డి కూడా కత్తిరించి ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇక్కడ సోవియట్ సైన్యం ఉన్న రోజుల్లో అది ట్యాంకుల మైదానం మధ్యలో చిక్కుకుని పాడైపోయింది. 1994లో ఆ సైన్యం వెళ్లిపోయాక బాగుచేసి, 2005లో మళ్లీ తెరిచారు. అందుకు కృతజ్ఞతలు చెప్పే ఈ ఉత్తరం రాస్తున్నాను. నా బాధంతా ఊళ్లోకి తిరిగి వచ్చాక మొదలైంది.

మీకు తెలియని చరిత్ర కాదు గానీ, మా పాఠకుల కోసం చెప్పక తప్పదు. 1914 చివర్లో, 1915లో ఫ్రాన్స్ యుద్ధరంగంలో పట్టుబడ్డ మా సిపాయిల్లో చాలామందిని మీవాళ్లు వ్యూన్స్‌డోర్ఫ్‌కు తెచ్చారు. బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాల్లో పనిచేసిన ముస్లిం ఖైదీలు కూడా అక్కడే ఉండేవాళ్లు కాబట్టి దానికి హాల్బ్‌మోండ్‌లాగర్, అంటే నెలవంక క్యాంపు అని పేరు. సిక్కులు, హిందువులు, గూర్ఖాలు కూడా ఆ నెలవంక కిందే ఉన్నారు. 1915 జూలై 13న, రంజాన్ మొదలయ్యే వేళకు, అక్కడ చెక్కతో కట్టిన ఒక మసీదును ప్రారంభించారు. జర్మన్ నేల మీద నమాజు కోసం కట్టిన మొదటి మసీదు అదే. 23 మీటర్ల మినారు. ఇదంతా ఖైదీల మీద ప్రేమతో చేశారని నేనైతే నమ్మను. బాగా చూసుకుంటే వీళ్లు బ్రిటిష్‌వాళ్ల మీద తిరగబడతారని కైజర్, అంటే జర్మన్ చక్రవర్తి, ప్రభుత్వం వేసిన లెక్క అది. క్యాంపులో 'హిందుస్తాన్' అని ఒక పత్రిక కూడా హిందీలో, ఉర్దూలో పంచేవారు.

ఆ పత్రిక వెనకున్నది బెర్లిన్ కమిటీ, భారత స్వాతంత్ర్యం కోసం అక్కడ పనిచేసిన మనవాళ్ల సంఘం. దాన్ని నడిపినవాళ్లలో ముఖ్యుడు మా హైదరాబాద్‌లో పుట్టినవాడు. వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ, సరోజినీ నాయుడు తమ్ముడు. హైదరాబాద్ నడిబొడ్డున వాళ్లిల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ ఇప్పటికీ ఉంది, దాని ముందు నుంచే నేను కాలేజీకి బస్సెక్కేవాణ్ణి. స్వాతంత్ర్యం తేవాలని బెర్లిన్ వచ్చిన ఆ మనిషిని చివరికి 1937లో సోవియట్ దేశంలో స్టాలిన్ మనుషులు కాల్చేశారు. ఆయన కమిటీ వాళ్లు వ్యూన్స్‌డోర్ఫ్ వచ్చి సిపాయిలకు ఉపన్యాసాలిచ్చేవారు. వాళ్ల మాట విని జెండా పట్టుకున్నవాళ్లు మాత్రం కొద్దిమందే. మిగతావాళ్లకు కావలసింది ఇల్లు. చలి, క్షయ చాలామందిని అక్కడే ఉంచేశాయి. 1917లో మిగిలినవాళ్లను రుమేనియాకు తరలించారు. వాళ్లను స్వాతంత్ర్య వీరులుగానో, తెల్లదొర బంట్లుగానో చూపించమని నేను అడగను. జీతానికి చేరి, రెండు సామ్రాజ్యాల మధ్య ఇరుక్కున్న రైతుబిడ్డలు వాళ్లు.

ఇక అసలు సంగతి. ఆ క్యాంపులో ఖైదీల గొంతులు రికార్డు చేశారు. 1915లో ఏర్పడ్డ ప్రష్యన్ ఫోనోగ్రాఫిక్ కమిషన్ మీ దేశంలోని క్యాంపులన్నీ తిరిగి సుమారు 250 భాషల్లో మాటలు, పాటలు లక్క డిస్కుల మీదకెక్కించింది. ఒక్కొక్క ఖైదీకి ఒక ఫారం ఉండేది. ఎక్కడ పుట్టాడు, ఏ మతం, చదవడం వచ్చా, పాడటం వచ్చా, గొంతు ఎలా ఉంది అని అందులో నింపేవారు. గ్రామఫోన్ గొట్టం ముందు నిలబెట్టి చెప్పమనేవారు. 1916 డిసెంబర్ 11న వ్యూన్స్‌డోర్ఫ్‌లో మల్ సింగ్ అనే పంజాబీ సిపాయి నిలబడ్డాడు. తన సంగతే ఎవరిదో కథలా మొదలుపెట్టాడు. అనగనగా ఒక మనిషి, హిందుస్తాన్‌లో వెన్న తినేవాడు, యూరప్ యుద్ధంలోకి వచ్చాడు, జర్మనీ పట్టుకుంది, ఇంటికి పోవాలని ఉంది అతనికి. నిమిషం పైచిలుకు, అంతే. నాకు పంజాబీ రాదు. అయినా మొదటిసారి విన్నప్పుడు, ఆ 'అనగనగా' దగ్గరే మా అమ్మమ్మ పల్లె గుర్తొచ్చింది.

ఆ డిస్కులు ఇప్పుడు బెర్లిన్‌లో, హంబోల్ట్ విశ్వవిద్యాలయం వారి లౌట్‌ఆర్కైవ్‌లో, అంటే ధ్వని భాండాగారంలో, భద్రంగా ఉన్నాయి. మనుషులు అడవిలో ఉన్నారు, గొంతులు రాజధానిలో ఉన్నాయి. క్యాంపు ఉన్న ఊళ్లో ఆ మసీదు గుర్తుగా మోషేష్ట్రాసె అని ఒక వీధి పేరుంది. మసీదు 1920లలోనే శిథిలమైందని పడగొట్టేశారు. 2015లో శరణార్థుల కోసం ఆ జాగాలో గదులు వేయబోయే ముందు బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీ పురావస్తువాళ్లు తవ్వి, మసీదు జాడలు వెతికారు. వందేళ్ల తేడాలో అదే నేల మీద పరాయిదేశపు మనుషులు, ఇళ్లకు పోలేనివాళ్లు. నాన్న ఆ వీధిలో నిలబడి, "చోటుకు కూడా జాతకం ఉంటుందేమో" అన్నారు. నేను నవ్వేశాను గానీ, రైల్లో తిరిగొచ్చేటప్పుడు అదే తిరిగింది బుర్రలో.

వ్యూన్స్‌డోర్ఫ్‌లో చూడ్డానికి కట్టడాలకు కరువు లేదు, అది నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం మేమూ టికెట్ కొని బంకర్ల టూర్‌కు వెళ్లాం. హిట్లర్ సైన్యం పెద్ద ఆఫీసర్ల కోసం 1930ల చివర్లో కట్టిన మైబాఖ్ ఇళ్లు చూస్తే నాన్న నోరెళ్లబెట్టారు. విమానంలోంచి చూస్తే పల్లెటూరి పెంకుటిళ్లు అనుకోవాలని పైకప్పు, పొగగొట్టం కూడా పెట్టి, లోపలంతా కాంక్రీటు పోశారు. యుద్ధమయ్యాక పేల్చేసినా ఆ గోడలు పూర్తిగా చావలేదు. వింకెల్ టవర్లయితే తలకిందులుగా పెట్టిన బొంగరాల్లా ఉన్నాయి. బాంబు పడ్డా వాలు మీద నుంచి జారిపోవాలని ఆ రూపం. ఆ తర్వాత సోవియట్ సైన్యం ముఖ్యకేంద్రం, మాస్కోకు నేరుగా రైలు, ఆఫీసర్ల భవనం, దాని ముందు ఇప్పటికీ నిలబడ్డ లెనిన్. 1998 నుంచి పాత పుస్తకాల దుకాణాలు. ఒక్క ఊరికి ఇంత చరిత్ర కొంచెం ఎక్కువే.

గంటన్నర టూర్‌లో ఖైదీల క్యాంపు గురించి ఒకే ఒక్క వాక్యం వచ్చింది. గైడ్‌ను తప్పుపట్టను. చివర్లో అడిగితే ఆయన ఓపిగ్గా పావుగంట చెప్పారు, మినారు ఎత్తుతో సహా. తెలిసిన మనిషే. అడిగేవాళ్లు లేక అలా అయింది. కాంక్రీటు నిలబడి ఉంటుంది కాబట్టి దాన్ని చూపిస్తారు. చెక్క మసీదు, చెక్క బ్యారక్‌లు మిగల్లేదు, చూపించడానికి ఏముంది అంటారు. కానీ ఆ క్యాంపు నుంచి మిగిలినదొకటి ఉంది, కాంక్రీటు కన్నా గట్టిది: గొంతు.

అందుకని నా కోరిక. మోషేష్ట్రాసెలో ఒక చిన్న స్తంభం, దానికో బటన్. నొక్కితే, వ్యూన్స్‌డోర్ఫ్‌లో రికార్డయిన గొంతుల్లోంచి నాలుగైదు వినిపించాలి. పంజాబీ, నేపాలీ, బెంగాలీ, గఢ్వాలీ, ఉర్దూ, ఏవి కుదిరితే అవి. పక్కన జర్మన్‌లో, ఇంగ్లీషులో అర్థం రాయండి. చెప్పినవాడి పేరు మాత్రం అతని లిపిలోనే ముందు రాయండి. ఖర్చు ఒక బస్‌స్టాప్ షెడ్డు అంత కూడా కాదని నా అంచనా. నేను ఇంజనీరును, అంచనాలు వేసి తిట్లు తినడం అలవాటే.

ఒక్క షరతు. ఆ మనుషుల దగ్గర నిజమైన అనుమతి తీసుకుని రికార్డు చేయలేదు. ఖైదీని గొట్టం ముందు నిలబెట్టి ఇష్టమేనా అని అడిగితే ఏమంటాడు? కాబట్టి వినిపించే ముందు వాళ్ల కుటుంబాలు ఎక్కడైనా దొరుకుతాయేమో వెతికించండి. ఫారాల్లో ఊరు పేరుంది కదా. మా ఉత్తరాది ఊళ్లలో బ్రిటిష్‌వాళ్లు పెట్టిన పాలరాతి పలకలున్నాయి: ఈ ఊరి నుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని. చాలావాటి మీద అంకెలే, పేర్లు లేవు. మీ దగ్గర పేరు, వయసు, పుట్టిన ఊరు, గొంతు అన్నీ ఉన్నాయి. ఒక్క కుటుంబం దొరికి, మా తాత గొంతు వినిపించొద్దు అంటే వినిపించకండి. డిస్కు కాపీ ఇచ్చి పంపేయండి.

ఆర్కైవ్ బెర్లిన్ పరిధిలోది, శ్మశానం కమిషన్‌ది, వీధి మున్సిపాలిటీది, మా శాఖకు సంబంధం లేదు అని మీ ఆఫీసు నుంచి జవాబు రావచ్చు. ఆ జవాబు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మా దగ్గర చెరువు ఒక శాఖది, గట్టు ఇంకో శాఖది, తూము మూడో శాఖది. గండి పడితే మాత్రం ఊరంతటిదీ. మీరు చేయాల్సిందల్లా ఈ ముగ్గుర్నీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టి కాఫీ ఇప్పించడం.

ఈలోగా ఒక్క పని వెంటనే చేయించవచ్చు. స్టేషన్ బయట ఒక బోర్డు, దాని మీద త్సేరెన్స్‌డోర్ఫ్ భారతీయ శ్మశానం అని, ఎన్ని కిలోమీటర్లో, ఒక బాణం గుర్తు. వీలైతే ఆదివారాలు అటు పోయే బస్సు. నాన్న వచ్చే మే నెలలో మళ్లీ వస్తున్నారు. ఈసారి అమ్మ కూడా వస్తోంది, ఆమెకు నాన్న కన్నా మోకాళ్ల నొప్పులెక్కువ.

ఇట్లు,
బెర్లిన్‌లో ఉంటున్న ఒక తాడేపల్లిగూడెం వాడు