శ్రావణం బుకింగులు ఎందుకు ఆపానంటే

అందరికీ నమస్తే. పది రోజులుగా వాట్సాప్‌లో ఒకటే ప్రశ్న, "అక్కా, శ్రావణానికి ఆర్డర్లు తీసుకోవడం లేదట, కొట్టు మూసేస్తున్నారా?" అని. మూయడం లేదు. అసలు మాకు కొట్టంటూ ఎక్కడుంది, ధర్మవరంలో మా ఇంటి ముందు గది, అందులో రెండు మగ్గాలు, మా కోసం నేసే ఇంకో తొమ్మిది ఇళ్లు, నా ఫోను, అంతే కదా. కానీ ఆగస్టు 15 తర్వాత ఇవ్వాల్సిన చీరలకి అడ్వాన్సులు తీసుకోవడం ఆపిన మాట నిజమే. ఎందుకో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి గొంతు పోయింది, పైగా ఒకరికి చెప్పింది ఇంకొకరికి వేరేలా చేరుతోంది (నాకు దుబాయ్ సంబంధం కుదిరిందని కూడా ఎవరో అన్నారట), అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నా.

చైనాలో హాంగ్‌జౌ అని ఒక ఊరుంది, షాంఘై నుంచి రైల్లో గంట. అక్కడి జెజియాంగ్ సైన్స్-టెక్ యూనివర్సిటీలో టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ మాస్టర్స్ చదవడానికి చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కి జనవరిలో అప్లై చేశాను. సీఎస్సీ (చైనా స్కాలర్‌షిప్ కౌన్సిల్) స్కాలర్‌షిప్ అంటారు దాన్ని. వస్తే ఫీజు లేదు, హాస్టల్ ఉచితం, ఇన్సూరెన్స్ వాళ్లే చూసుకుంటారు, పైన నెలకి 3000 యువాన్లు, అంటే మన డబ్బుల్లో సుమారు నలభై వేలు. విమానం టికెట్ మాత్రం మనదే. మాస్టర్స్‌కి వయసు 35 లోపు ఉండాలి, నాకు 29. మా పెద్దమ్మ లెక్కలో మాత్రం చదువుకి నా వయసు ఎప్పుడో దాటిపోయింది, "పెళ్లి చీర కట్టాల్సిన పిల్ల పుస్తకాల సంచీ తగిలించుకుంటానంటుందేందే" అని వచ్చినప్పుడల్లా అంటుంది.

రిజల్ట్ ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలీదు. సమస్యంతా అదే.

చైనా ఎందుకు అని చాలామంది అడిగారు. దీనికి జవాబు చెప్పాలంటే మీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. మీలో చాలామంది చీర కొనేటప్పుడు "ఇది అచ్చం మన ధర్మవరం పట్టేనా?" అంటారు, నేను అవునంటాను. నేత మనదే, అద్దకం మనదే, బుట్టా, అంచు, కొంగు అన్నీ మన ఇళ్లలోనే పుట్టాయి. కానీ మా చీరల్లో చాలావాటికి పడుగు దారం, అంటే మగ్గం మీద నిలువుగా పరిచేది, చైనా పట్టు. ఇక్కడ ఏ నేతగాణ్ని అడిగినా చెప్తాడు, ఇది దాచిపెట్టిన రహస్యం కాదు, కాకపోతే కొనేవాళ్లకి ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. దారం ఎక్కడిదని నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆరేళ్లుగా అలాగే నెట్టుకొచ్చాను. ఇకనుంచి చీర ఫొటో కింద పడుగు ఎక్కడిది, పేక (అడ్డంగా నేసే దారం) ఎక్కడిది అని రాస్తాను, దానివల్ల పది చీరలు తక్కువ అమ్ముడైనా సరే.

పడుగుకి చైనా పట్టే ఎందుకంటే, పడుగు పోగు మొదటినుంచి చివరిదాకా ఒకే మందంలో ఉండాలి, అచ్చులో (పోగుల్ని విడదీసే దువ్వెన లాంటిది) రోజంతా రాపిడి తట్టుకోవాలి. ఒక చోట లావు, ఒక చోట సన్నం ఉందంటే అక్కడ తెగుతుంది, తెగిన ప్రతిసారీ మగ్గం ఆపి ముడి వేయాలి, మా నాయన కళ్లు ఆ ముడులతోనే పోయాయని మా అమ్మ అంటుంది. మన హిందూపురం, మడకశిర వైపు రైతులు పెంచే పట్టుగూళ్లలో తప్పేం లేదు. బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే పట్టుపురుగు జాతి) గూడు మంచిదైతే ఒక్కదాన్నుంచి దగ్గర దగ్గర వెయ్యి మీటర్ల పోగు వస్తుంది. చిక్కంతా గూటికీ మగ్గానికీ మధ్య ఉంది, దారం తీసే రీలింగ్ దగ్గర, పురి వేసే దగ్గర, తర్వాత జిగురు పోయేలా ఉడకబెట్టే దగ్గర. కిలో ముడిపట్టు ఉడకబెడితే చేతికి వచ్చేది ముప్పావు కిలో, ఆ మంట కాస్త ఎక్కువైందా దారం బలం కూడా జిగురుతో పాటే పోతుంది. నేను అనంతపురంలో కెమికల్ ఇంజినీరింగ్ చదివాను, ఆ ఉడకబెట్టే డేగిసా ముందు నిలబడినప్పుడు అంత చదువూ ఎందుకూ కొరగాలేదు. ఎంత వేడి, ఎంత సోడా, ఎంతసేపు అంటే మా చిన్నాన్న "చూస్తే తెలుస్తాది" అంటాడు. ఆయనకి తెలుస్తుంది, నిజమే, కానీ ఆయన తర్వాత?

కరోనా తర్వాత ముడిపట్టు ధర ఎక్కిపోయినప్పుడు నేను చీరల రేటు పెంచాను, మీలో కొందరు గట్టిగానే అడిగారు, గుర్తుందా? అప్పుడే అనుకున్నా, ఈ దారం సంగతి అది వచ్చే చోటే తెలుసుకోవాలని. వెతికితే ఈ యూనివర్సిటీ దొరికింది. అది 1897లో పట్టుపురుగుల బడిగా మొదలైందట, పురుగులకొచ్చే పెబ్రిన్ రోగాన్ని సూక్ష్మదర్శినిలో చూసి పట్టుకోవడం నేర్పడానికి హాంగ్‌జౌ అధికారి ఒకాయన పెట్టించాడు. అదే ఊళ్లో పట్టుకోసమే ఒక జాతీయ మ్యూజియం కూడా ఉంది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్లికేషన్ సంగతి క్లుప్తంగా చెప్తాను, మీ పిల్లలెవరికైనా పనికొస్తుంది. డిగ్రీ, మార్కుల పత్రాలు, ఇద్దరు లెక్చరర్ల సిఫారసు ఉత్తరాలు, పోలీసు క్లియరెన్సు, స్టడీ ప్లాన్, విదేశీయుల కోసం వాళ్లే ఇచ్చే మెడికల్ ఫారం. ఆ ఫారంలో ఎక్స్‌రే, ఈసీజీ, రక్తపరీక్షలు అన్నీ ఉంటాయి, ఆసుపత్రి సీలు ఫొటో మీదకి వచ్చేలా పడాలి. నేను వెళ్లిన ఆసుపత్రిలో సీలు పక్కన ఖాళీలో వేసి పంపారు, దానికోసం మళ్లీ బస్సెక్కాను. ఒక కన్సల్టెన్సీవాళ్లు లక్షన్నర ఇస్తే స్కాలర్‌షిప్ గ్యారంటీ అన్నారు. సీఎస్సీవాళ్లు దరఖాస్తుకి ఒక్క రూపాయి తీసుకోరు, గ్యారంటీ ఎవడిస్తాడు? అలాంటిచోట డబ్బు కట్టొద్దు. స్టడీ ప్లాన్ మొదట నెట్లో చూసి పెద్ద పెద్ద మాటలతో రాశాను, చదువుకుంటే నాకే నవ్వొచ్చింది, చించేసి తెగిన పడుగు గురించి రాశాను.

మార్చిలో వీడియో ఇంటర్వ్యూ. మామూలుగా వాళ్ల మాటామంతీ అంతా వీచాట్‌లోనట (మన వాట్సాప్ లాంటిది), మన దేశంలో అది 2020 నుంచి నిషేధం, అందుకని మెయిల్లో లింకు పంపారు. మధ్యలో ప్రొఫెసర్ ఆగి, ఆ చప్పుడేమిటని అడిగారు. పక్క గదిలో మగ్గం. ఆపమని చెప్పడం మరిచిపోయాను. ఇక దాచేదేముందని ఫోను తీసుకెళ్లి మా చిన్నాన్న నేస్తుంటే చూపించాను, మిగతా ఇంటర్వ్యూ అంతా ఆ గదిలోనే జరిగింది. చిన్నాన్న మాత్రం తల ఎత్తలేదు, జరీ పోగు మీదున్నాడు.

చైనీస్ కూడా ఫోన్లో కొంచెం కొంచెం నేర్చుకుంటున్నా. కోర్సు ఇంగ్లీషులోనే, కానీ కూరగాయలు ఇంగ్లీషులో కొనలేం కదా. వాళ్ల భాషలో పట్టుని "స్స" లాంటి ఒక్క శబ్దంతో అంటారు, సాగదీసి పలకాలి. అదే శబ్దాన్ని కిందికి దించి కొడితే నాలుగు, వంచి లేపితే చావు. నాలుగు పట్టు చీరలు అని నేను చెప్పబోతే ఏం వినిపిస్తుందో ఊహించుకోండి.

ఏప్రిల్‌లో యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది, మీ పేరు సిఫారసు చేశాం, ఆఖరి నిర్ణయం బీజింగ్‌లోని సీఎస్సీదే అని. అది చూసి ఇంట్లో పాయసం వండారు. నేను వద్దంటూనే ఉన్నా. ఆ తర్వాత రెండు నెలలు దాటాయి, వెబ్‌సైట్‌లో నా పేరు పక్కన "ఇన్ ప్రోగ్రెస్" అనే ఉంది. జులై ఆఖరు లోపు తెలుస్తుందన్నారు. వస్తే అడ్మిషన్ నోటీసు, జేడబ్ల్యూ201 అనే వీసా కాగితం పంపుతారు, వాటితో ఎక్స్1 వీసా (విద్యార్థులకిచ్చేది) తెచ్చుకుని సెప్టెంబరు మొదట్లో వెళ్లి రిజిస్టర్ కావాలి. ఆ తేదీ దాటితే స్కాలర్‌షిప్ పోయినట్టే.

ఇప్పుడు మీ లెక్కలోకి వద్దాం. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది, మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా పెళ్లిళ్లు లేవు, ఆర్డర్లు లేవు, తొమ్మిది ఇళ్లకి పని చూపించడానికే కష్టమైంది. అధిక మాసం వల్ల శ్రావణం కూడా ఆగస్టు మధ్యకి జరిగింది. అంటే మాకు ఏడాదిలో పెద్ద సీజను, నా ప్రయాణం (ఉంటే) రెండూ ఒకే రెండు వారాల్లో పడ్డాయి. అంచు చిన్న చీరకి మా దగ్గర ఎనిమిది రోజులు, ఒళ్లంతా జరీ పనుండే బ్రోకేడుకి ఇరవై రోజుల పైన పడుతుంది, పడుగు ఒకసారి ఎక్కిస్తే మూడు చీరలు దిగేదాకా రంగు మార్చలేం. మీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, జులై 28న రిజల్ట్ వచ్చి, నేను వీసా కోసం పరిగెత్తుతుంటే మీ చీర ఎవరు చూస్తారు? ఆ భయంతోనే ఆపాను.

ఈ టెన్షన్ నా పని మీద పడింది, అదీ ఒప్పుకోవాలి. చైనా టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. వాళ్ల ఆఫీసులు ఎనిమిదిన్నరకి తెరిస్తే మనకి ఆరు, అప్పటినుంచి నేను ఫోను పట్టుకుంటాను. మధ్యాహ్నం రెండున్నర దాటితే అక్కడ ఐదవుతుంది, ఇక ఆ రోజుకి రాదని అప్పుడు మనిషినవుతాను. పొద్దున మెసేజ్ పెడితే సాయంత్రానికి గానీ జవాబివ్వట్లేదని మీరు అంటున్నది అందుకే. పోయిన నెల ఇంకా ఘోరం, డాలస్ వెళ్లాల్సిన వంకాయ రంగు చీర కర్నూలుకి పంపాను, కర్నూలుది డాలస్ బాక్సులో పెట్టాను. కర్నూలు అక్క వెంటనే ఫోన్ చేసింది కాబట్టి సరిపోయింది, డాలస్ బాక్సు అప్పటికింకా హైదరాబాద్ దాటలేదు. రెండు వైపులా కొరియర్ ఖర్చు నేనే పెట్టుకున్నా, అయినా ఆ కర్నూలు అక్కకి గృహప్రవేశం రోజు చేతిలో చీర లేదు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా అమ్మ భయం వేరే. మా వీధిలో ఒకబ్బాయి అక్కడ ఎంబీబీఎస్ చదివేవాడు, 2020 జనవరిలో సెలవులకొచ్చి ఇక్కడే ఉండిపోయాడు, 2022 ఆగస్టులో మళ్లీ వీసాలు మొదలయ్యేదాకా చదువంతా ఫోన్లోనే. మళ్లీ అలా ఐతే అంటుంది. 2025 అక్టోబరు నుంచి మళ్లీ నేరుగా విమానాలు తిరుగుతున్నాయమ్మా అన్నాను, విమానాలు లేక కాదు కదా వాడు ఆగిపోయింది అంది. ఆమెతో వాదన నెగ్గడం కష్టం.

సరే, ఎవరి సంగతి ఏమిటంటే: ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చిన 11 మందికి చీరలు ఆగస్టు 10 లోపు చేరతాయి, అన్నీ మగ్గం మీదే ఉన్నాయి, రెండు దిగాయి కూడా. కార్తీకం పెళ్లిళ్లకి ముందే డబ్బు వేసిన నలుగురికి తిరిగి పంపేశాను. అందులో ఒకరు "ఉంచు, నువ్వు వెళ్లినా పర్లేదు" అన్నారు, వాళ్లకి దండం, అయినా పంపాను. నెలకి వెయ్యి కట్టే స్కీములో ఉన్న 26 మంది డబ్బు వేరే అకౌంట్లో ఉంది, దాన్ని నా చదువుకి ముట్టుకోను, కావాలంటే ఎప్పుడైనా వెనక్కి అడగండి. కొత్తగా అయితే చేతిలో తయారుగా ఉన్న చీరలే అమ్ముతున్నా, ముప్పై దాకా ఉన్నాయి.

రిజల్ట్ వస్తే మా తమ్ముడు చూసుకుంటాడు, చీర చెక్ చేసేది ఎప్పటిలాగే అమ్మ. వాడి గురించి కూడా నిజం చెప్పాలి కదా. లెక్కల్లో నాకంటే గట్టి, పార్సిల్ కట్టడంలో ఇంకా గట్టి, రంగులు మాత్రం వాడికి అబ్బలేదు. మెరూన్, కుంకుమ, దానిమ్మ అన్నీ వాడికి ఎరుపే. నేతగాళ్లకి వారం వారం కూలి ఆగదు, ఆ మాట వాళ్ల ఇళ్లకి వెళ్లి చెప్పాను. రాకపోతే ఆగస్టు 1 నుంచి బుకింగులు తెరుస్తాను, వచ్చే జనవరిలో మళ్లీ అప్లై చేస్తాను. సొంత డబ్బుతో వెళ్లే స్తోమత లేదు, అప్పు చేసే ఉద్దేశమూ లేదు.

ఏది తెలిసినా అదే రోజు స్టేటస్‌లో పెడతాను. అప్పటిదాకా మెసేజ్‌లు మధ్యాహ్నం మూడు తర్వాత పెట్టండి, మనసు పెట్టి చదువుతాను.

గుంటూరు వదినా, నిన్న మా తమ్ముడు మీకు పంపిన ఫొటోలో ఉన్నది ఎరుపు చీర కాదు, మెరూన్. డబ్బు వేసే ముందు ఒకసారి వీడియో కాల్ చేయండి, వెలుతుర్లో పెట్టి చూపిస్తా.