మా నాన్నగారు చేసిన ఇంటర్వ్యూ

హైదరాబాదు,
ఆదివారం

ప్రియమైన లెక్కల మాస్టారికి,

విశాఖలో మీ అక్కయ్యగారూ బావగారూ ఎవరి దగ్గరికి వెళ్తే మంచిదని నువ్వడిగినదానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు క్షమించు. ఇక్కడ అందరం క్షేమం, పాప పరీక్షలు ముగిశాయి, మీ చెల్లెలి మోకాలి నొప్పి తగ్గింది. ఇక అసలు సంగతి: మా నాన్నగారు ఫ్యామిలీ థెరపిస్టు దగ్గరికి వచ్చారు. అవును, నీ జుట్టు చూసి నిన్ను వీధి గుమ్మం దాటనివ్వని నాన్నగారే.

ఇంటర్ ఫలితాలు వచ్చిననాటి నుంచి తాతామనవళ్ళకు మాటల్లేవని నీకు తెలుసు. ‘ఆ పప్పు గిన్నె ఇటు జరపమను’ అని ఆయన నాతో అంటే, ‘ఆయన్నే తీసుకోమను’ అని వాడు వాళ్ళమ్మతో అనేవాడు. మొదట వెళ్ళిన క్లినిక్కులో డాక్టరుగారు అంతా ఇంగ్లీషులోనే మాట్లాడి, అబ్బాయిని ఒక్కణ్ణే లోపలికి పిలిచి, మందుల చీటీ ఇచ్చి పంపించారు. ఆయన సమర్థుడే కావచ్చు గాని, మాకు కావలసింది అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, నాన్నగారికి అర్థమయ్యే తెలుగులో మాట్లాడించగల మనిషి.

వెతుకుతూ పోతే తెలిసిందేమిటంటే, మన దగ్గర ‘కౌన్సెలర్’ అని బోర్డు పెట్టుకోవడానికి పెద్ద అడ్డంకులేమీ లేవు. క్లినికల్ సైకాలజిస్టుకు మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వంటి చోట్ల శిక్షణ పొందిన సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు కూడా కుటుంబాలతో పనిచేస్తారు. ‘మనమేమైనా పిచ్చివాళ్ళమా?’ అని అప్పటిదాకా మండిపడుతున్న నాన్నగారు, రిజిస్ట్రేషన్ అన్న మాట చెవిన పడగానే నిటారుగా కూర్చున్నారు. ఉద్యోగమంతా తాలూకాఫీసులో చేసిన మనిషి కదా!

చివరికి మాకు దొరికిన థెరపిస్టుగారి గదిలో ప్రశ్నలు ఆవిడ వేయలేదు, నాన్నగారే వేశారు. ఏం చదివారు, రిజిస్ట్రేషన్ ఏది, ఇలాంటి కుటుంబాలను ఇదివరకు చూశారా అని ఆరా తీస్తుంటే నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం నవ్వుతూ సర్టిఫికెట్ తీసి ముందుంచి, ‘అడగవలసినవే అడిగారు, ఇంకా అడగండి’ అన్నారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని, దానిని దస్తావేజులా చివరి ముద్ర దాకా చదివి, ‘మీరు ఎవరి పక్షం?’ అన్నారు. ‘ఎవరి వైపైనా మొగ్గుతున్నానని తోచిన రోజున నా ముఖం మీదే చెప్పండి’ అని ఆవిడ జవాబు.

అప్పుడు మావాడు నోరు విప్పాడు: ‘నేను విడిగా చెప్పేవి వీళ్ళకు చెబుతారా?’ నీ అనుమతి లేనిదే చెప్పననీ, ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం చెప్పక తప్పదనీ, అది తమ వృత్తి నియమమనీ ఆవిడ వివరించారు. నాన్నగారు వాడి వైపు తిరిగి, ‘మంచి ప్రశ్న’ అన్నారు. మాస్టారూ, నేరుగా వాడితోనే అన్నారు! వాడు కాసేపు ఊరుకుని, ‘తాతయ్యా, ఫీజు అడగడం మరిచిపోయారు’ అన్నాడు.

అంతటితో అంతా చక్కబడిందనుకోకు, తిరుగు ప్రయాణంలో ఇద్దరూ చెరో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఆవిడ నాకొక పని అప్పగించారు: మధ్యలో మాటలు మోయడం మానేయాలట. నిన్న రాత్రి మానేశాను. పప్పు చల్లారిపోయింది, ఎవరూ అడగలేదు, నాకే ముద్ద దిగలేదు. ఇది ఎంతవరకు పనిచేస్తుందో... కొన్ని సిట్టింగుల తరువాత, కొనసాగించాలో వద్దో అందరం కలిసే తేల్చుకుందామని ఆవిడే అన్నారు. నాకు ఆవిడ మీద గురి కుదిరింది ఆ మాటతోనే.

విశాఖలో మీ అక్కయ్యగారిని ముందు 14416కు ఫోను చేయమను. అది టెలి మానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. తరువాత ఎవరి దగ్గరికి వెళ్ళినా, ఇద్దరినీ కలిపి కూర్చోబెడతారా, విడిగా చెప్పింది గుట్టుగా ఉంచుతారా అన్నవి ఫోనులోనే అడిగేయమను. బావగారు రానంటే ఆవిడ ఒక్కరే అయినా మొదలు... నాన్నగారు కేకేస్తున్నారు, మందుల షాపుకు వెళ్ళాలి. మిగతాది మళ్ళీ రాస్తాను.

నీ
బ్యాక్‌బెంచి