ఆ పది కేసులూ ఆపు

విజయనగరం

అమ్మలూ,

నువ్వు పంపిన కళ్లజోడు కేసు నిన్న అందింది. కుట్టు బాగుంది, చేత్తో కుట్టిందే. ఆ మాటలో అబద్ధం లేదు. మీ ఆఫీసు వాళ్లకి ఇంకో పది చేయిస్తావని మీ అమ్మ చెప్పింది, అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే "సర్లే నాన్నా" అని పెట్టేస్తావు.

అది తోలు కాదమ్మా.

లోపల ‘జెన్యూన్ లెదర్’ అని ముద్ర చూసి నమ్మేసుంటావు. ముద్ర ఎవరైనా కొట్టుకోవచ్చు. తోలు వాసన కూడా ఇప్పుడు సీసాల్లో దొరుకుతోంది. చూడాల్సింది అంచు. అసలు తోలైతే కోసిన చోట పైనుంచి కిందదాకా పీచుపీచుగా ఉంటుంది. నీ కేసు అంచంతా నల్లరంగు దట్టంగా పూసేశారు. పూయడం తప్పేం కాదు, మంచి పనివాళ్లూ పూస్తారు. అందుకని మూత మడత దగ్గర, రంగు చిట్లిన చోట, ఆరె (తోలు కుట్టేటప్పుడు రంధ్రం పొడిచే పనిముట్టు) మొనతో కాస్త లేపి చూశాను. పైన పల్చటి ప్లాస్టిక్ పొర, దాని కింద నేత గుడ్డ పోగులు. ఇంకేటి చూడాలి!

అయినా చూశాననుకో. చర్మానికుండే సన్న రంధ్రాల్లాంటివి ఉన్నాయి గానీ, బొటనవేలంత మేర ఉన్న అచ్చే పక్కన మళ్లీ పడింది. ఏ గేదె ఒంటి మీదా అలా ఉండదు. నీళ్ల చుక్క వేసి తేల్చేయొచ్చంటారు, నమ్మకు. తంగేడు చెక్కతోనో కరక్కాయతోనో పదును చేసిన తోలు చుక్కని పీల్చి నల్లబడుతుంది, నిజమే. పైన పూత పడితే అసలు తోలూ పీల్చదు. అగ్గిపుల్ల పరీక్ష సంగతంటావా, కొన్నాక కాల్చుకుని ఏం లాభం?

రెక్సిన్ని రెక్సినని చెప్పి అమ్మితే నాకే గొడవా లేదు. కొట్లో స్కూటర్ సీట్లకి నేను కుట్టేదీ అదే. కానీ నీ కేసుకి వేసిన ఈ పీయూ సరుకు, అంటే గుడ్డ మీద పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూసింది, మన వైపు ఉక్కకి ఎన్నాళ్లో ఆగదు, తేమకి పొలుసులుగా రాలుతుంది. మీ అమ్మ హ్యాండ్‌బ్యాగు గుర్తుందా, పెళ్లిలో చీరంతా నల్ల పొట్టే.

ఆ కేసులు చేసేవాణ్ని రంగు పూయని తునక ఒకటి చూపించమను. తోలు కోసేవాడి దగ్గర తునకలకి కొదవుండదు. నసిగాడంటే ఆర్డరు మానేసి నాకు చెప్పు, నేనే కుడతాను. పది అంటే నెల పడుతుంది, సిరిమాను పండక్కి వచ్చినప్పుడు పట్టుకెళ్దువు.

ఇది మాత్రం వెనక్కి పంపను. కళ్లజోడు అందులోనే పెట్టుకుంటున్నాను.

మీ నాన్న