కార్మిక శాఖ కమిషనర్ గారికి ఒక స్టోర్ ఉద్యోగి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారం.

నేను ఒక రిటైల్ స్టోర్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. మా ఇబ్బందులపై మీ కార్యాలయానికి పెట్టుకున్న అర్జీలకు జవాబు రాలేదు. అందుకే నలుగురూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను.

మా స్టోర్‌లో ఎవరైనా మానేస్తే కొత్తవారిని తీసుకోవడం లేదు. వాళ్ల పనంతా ఉన్నవాళ్ల మీదే పడుతోంది. బిల్లు కొడుతుండగానే సరుకు లారీ వచ్చిందని పిలుస్తారు. అట్టపెట్టెలు దించి, సరుకు అరల్లో సర్ది, ధరల స్టిక్కర్లు మార్చి వచ్చేసరికి కౌంటర్ దగ్గర క్యూ పెరిగిపోయి ఉంటుంది. ఆలస్యమైందని మాటలు పడేది మేమే. బాత్రూమ్‌కు వెళ్తే లైన్ ఆగిపోతుందన్న టెన్షన్‌తో పక్క కౌంటర్ అమ్మాయి షిఫ్ట్‌లో మంచినీళ్లు తాగడమే మానేసింది. ఇది మీ దృష్టికి రావాల్సిన విషయం కాదా? షట్టర్ దించాక క్యాష్ లెక్క చూసే సమయాన్ని పనిగంటల్లో కలపరు.

వాణిజ్య సంస్థల్లో పని సాధారణంగా రోజుకు 8, వారానికి 48 గంటలు మించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లోనే ఒప్పందం తెచ్చింది. ఉద్యోగులకు తగిన సీట్లు ఇచ్చి, కూర్చునే వీలు కల్పించాలని 1964 నాటి ఒప్పందం చెబుతోంది. మా కౌంటర్ వెనక స్టూల్ కూడా లేదు.

దయచేసి ముందుగా కబురు చేయకుండా, రద్దీ వేళలో తనిఖీకి రండి. రిజిస్టర్లు చూసి వెళ్లిపోకుండా, మేనేజర్లు లేనిచోట మాతో మాట్లాడండి. షిఫ్ట్‌కు కనీసం ఎంతమంది ఉండాలో తేల్చి, అదనపు గంటలకు జీతం ఇప్పించండి. ఏం చర్య తీసుకున్నారో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక స్టోర్ ఉద్యోగి