మొదటి మాత్రకు ముందు ఒక రక్తపు చుక్క

సంపాదకులకు నమస్కారం.

హెచ్‌ఐవీ తేలిన రోజే ఆ వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టాలన్న ప్రచారం మంచిదే. అయితే రోగనిరోధక కణాల లెక్క తెలిపే సీడీ4 సంఖ్య 100 లోపు పడిపోయినవారికి క్రిప్టోకాకస్ అనే ఫంగస్ పరీక్ష చేయకుండా మాత్రలు చేతిలో పెట్టడం ప్రమాదం. వేలి నుంచి తీసిన రక్తపు చుక్క, ఒక స్ట్రిప్, పది నిమిషాలు చాలు.

ఈ ఫంగస్ గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. రోగనిరోధక శక్తి క్షీణించినప్పుడు మెదడు పొరలకు పాకుతుంది. దాన్ని ఎదిరించే కణాలే కరువైన ఒంట్లో మొదట్లో కనిపించేది కాస్త తలనొప్పే. ఏఆర్‌టీతో ఆ కణాలు కోలుకున్నాక, పేరుకుపోయిన ఫంగస్ మీద, చచ్చిన ఫంగస్ మీద కూడా, విరుచుకుపడతాయి. దాంతో మెదడు పొరలు వాచి, తలలో ఒత్తిడి పెరిగి చూపు మసకబారుతుంది, ఫిట్స్ వస్తాయి. వైద్యులు ఐరిస్ అనేది దీన్నే. మందు మొదలెట్టిన కొన్ని వారాలకు రావచ్చు, నెలలకూ రావచ్చు.

అందుకే ఈ ఫంగస్ మెదడు పొరలకు పాకిన జబ్బు, మెనింజైటిస్, తేలితే ముందు ఫంగస్‌కు మందు, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాతే ఏఆర్‌టీ. ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో ఒకటి రెండు వారాలకే ఏఆర్‌టీ ఇచ్చినవారిలో 26 వారాల నాటికి 45 శాతం మంది చనిపోయారు. ఐదు వారాలు ఆగినవారిలో 30 శాతం. ఆ తేడా అంతా ఐరిస్ వల్లేనని చెప్పలేం గానీ, తొందర చేటు చేసిందన్నది స్పష్టం.

స్ట్రిప్ పాజిటివ్ వస్తే, తలనొప్పి లేకపోయినా, వెన్నులో నీరు తీసి చూడాలి. అందులో ఫంగస్ లేకుంటే ఫంగస్ మందు ఫ్లూకొనజోల్ రోజుకు 800 నుంచి 1200 మిల్లీగ్రాములు రెండు వారాలు, ఆపై 800 ఎనిమిది వారాలు, తర్వాత 200 కొనసాగించాలి. ఉంటే ఆంఫోటెరిసిన్, ఫ్లూసైటొసిన్ అనే ఫంగస్ మందులు కావాలి. ఒక్క ఫ్లూకొనజోల్‌తో నెట్టుకురావడం చాలదు.

ఏఆర్‌టీ మొదలయ్యాక తలనొప్పి తిరగబెడితే చాలామంది మందే పడలేదనుకొని మానేస్తారు. అది పొరపాటు. మళ్లీ వెన్నునీరు తీసి, ఒత్తిడి కొలిచి, కల్చర్‌కు, అంటే ల్యాబులో ఫంగస్ పెరుగుతుందేమో చూసే పరీక్షకు, పంపాలి. కల్చర్‌లో ఫంగస్ పెరిగితే వ్యాధి తిరగబెట్టినట్టు, పెరగకపోతే ఐరిస్ కావచ్చు. స్ట్రిప్ మాత్రం నెలల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. వెన్నునీటి ఒత్తిడి (నీటిమట్టం కొలతలో) 25 సెంటీమీటర్లు దాటితే 20 లోపుకు దిగేదాకా నీరు తీయాలి, అవసరమైతే రోజూ. స్టెరాయిడ్లు ప్రాణం మీదికొచ్చిన ఐరిస్‌కే. మెనింజైటిస్ వైద్యంలో మొదటి నుంచీ అందరికీ ఇస్తే హానే ఎక్కువని 2016 నాటి పరీక్షలో తేలింది.

సీడీ4 పరీక్ష చేసే ప్రతి చోటా ఈ స్ట్రిప్‌లు కూడా ఉంచాలని, 100 లోపు వచ్చిన రక్తనమూనాకు డాక్టరు రాసేదాకా ఆగకుండా ల్యాబే వెంటనే ఈ పరీక్ష చేయాలని ఆరోగ్య శాఖలను కోరుతున్నాం.

ఇట్లు,
హెచ్‌ఐవీ వైద్యసేవల్లో ఉన్న పాఠకులు