రీఫిల్ కార్ట్రిడ్జ్‌ని పారేసే ముందు ఒక్కసారి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంట్లో ప్రింటరుకి రీఫిల్ ఇంకు పోయించడం దండగ, ఒకసారి పోయిస్తే ప్రింటరే మూలపడుతుంది అని ఈ మధ్య మీ ఉత్తరాల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన విసుగు అర్థమైంది గానీ ఆ మాట మాత్రం ఒప్పుకోలేను. మా పెరంబూరు వైపు పిల్లల ప్రాజెక్టులు, ఆధార్ కాపీలు, తెలుగు నేర్పడానికి నేను తీసే గుణింతాల కాగితాలు అన్నీ ఈ చిన్న ఇంక్‌జెట్ ప్రింటర్ల మీదే నడుస్తున్నాయి. కొత్త కార్ట్రిడ్జ్ (ఇంకుండే డబ్బా) ధర చూసి గుండె జారి, కంప్యూటర్ సామాన్ల కొట్లుండే రిచీ స్ట్రీట్‌కో, వీధి చివర కొట్టుకో వెళ్లి ఇంకు పోయించుకొస్తాం, ఇంటికొచ్చి పెడితే పనిచెయ్యదు, మళ్లీ వెళ్తే కొట్టతను చేతిలోకైనా తీసుకోకుండా "హెడ్ పోచ్చు మా" (హెడ్ పోయిందమ్మా) అంటాడు. చాలాసార్లు హెడ్ ఎక్కడికీ పోదండీ.

హెడ్ అంటే కాగితం మీద ఇంకు చిమ్మే భాగం, ముందు అది ఎక్కడుందో తెలియాలి. హెచ్‌పీ, కెనన్ వాళ్ల చిన్న ప్రింటర్లలో చాలావాటికి అది కార్ట్రిడ్జ్ అడుగునే ఉంటుంది. అక్కడ వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలు (వీటినే నాజిళ్లు అంటారు), వాటి వెనక బుల్లి హీటర్లు ఉంటాయి. హీటరు వేడెక్కగానే ఇంకులో బుడగ లేచి చుక్కని బయటికి తోస్తుంది. 1977లో కెనన్ ఇంజనీరు ఇచిరో ఎండో ల్యాబులో, ఇంకున్న సిరంజీ సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ తగిలి ఇంకు చిమ్మడంతో ఈ ఆలోచన పుట్టిందట. ఇప్పుడు మనం రీఫిల్ చేసేదీ సిరంజీతోనే! ఇందులో అసలు గమనించాల్సింది ఏమిటంటే, ఆ హీటర్లని చల్లబరిచేది కూడా ఇంకే. రంగు వెలిసిపోతున్నా ఇంకో పది పేజీలు లాగుదాం అని ఖాళీ కార్ట్రిడ్జ్‌తో తీస్తూ పోతే అవి మాడిపోతాయి, ఆ తర్వాత ఏ ఇంకు పోసినా లాభం లేదు. కాబట్టి అక్షరాలు పలచబడటం మొదలవగానే రీఫిల్‌కి తీసుకెళ్లాలి. ఎప్సన్ ట్యాంకు ప్రింటర్ల కథ వేరు, వాటిలో హెడ్ ప్రింటరుకే బిగించి ఉంటుంది, ఇక్కడ వాటి జోలికి పోను.

రీఫిల్ చేయించాక కూడా 'ఇంకు అయిపోయింది' అని కంప్యూటర్ మీద వస్తుందే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. ప్రింటరు లోపలున్న ఇంకుని చూడట్లేదు, ఎన్ని చుక్కలు చిమ్మిందో లెక్కపెట్టుకుని అంచనా కడుతోంది, మీరు మళ్లీ నింపిన సంగతి దానికి తెలియదు. హెచ్‌పీలో మామూలుగా ఓకే నొక్కితే సరిపోతుంది, కెనన్ అయితే స్టాప్ బటన్‌ని కనీసం 5 సెకన్లు నొక్కిపట్టుకోవాలి. అయితే హెచ్‌పీలో 'కార్ట్రిడ్జ్ ప్రొటెక్షన్' అనే సెట్టింగు ఉంది, అది ఆన్‌లో ఉంటే ఒక ప్రింటరులో వాడిన కార్ట్రిడ్జ్ దానికే ముడిపడిపోతుంది, ఇంకో ప్రింటరులో పనిచెయ్యదు. అందుకే కొట్టతను "మీది ఇక్కడ పెట్టేసి నింపి ఉన్నది పట్టుకుపోండి" అంటే ఒప్పుకోకండి, మీ దాంట్లోనే పొయ్యమనండి.

ఇక ఎక్కువమంది మోసపోయే చోటు ఇది. మొదటి నాలుగు లైన్లు నల్లగా చక్కగా పడతాయి, పేజీ సగానికి వచ్చేసరికి బూడిద రంగు, చివరికి తెల్లకాగితం. కాసేపు ఆగి తీస్తే మళ్లీ నాలుగు లైన్లు. ఇది ఇంకు లేక కాదు, లోపలికి గాలి వెళ్లక. నూనె డబ్బాకి ఒకవైపే చిల్లు పెడితే నూనె ఆగి ఆగి పడుతుంది చూడండి, అదే ఇది. కార్ట్రిడ్జ్ పైనున్న స్టిక్కరు కింద సన్నటి గాడి, చిన్న రంధ్రాలు ఉంటాయి, గాలి వెళ్లేది వాటిలోంచే. రీఫిల్ చేసినతను ఇంకు కారకూడదని దాని మీద సెల్లో టేపు గట్టిగా అంటించేస్తాడు. ఆ రంధ్రం మీద ఉన్న టేపుని గుండుసూదితో పొడవండి చాలు. టేపు లేకపోయినా అలాగే జరుగుతుంటే ఇంకు గబగబా ఎక్కించడం వల్ల లోపలి స్పాంజిలో గాలి బుడగలు ఇరుక్కుని ఉంటాయి, తడి టిష్యూ మీద నాజిల్ కిందికి ఉండేలా కొన్ని గంటలు వదిలేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

తెలుగు తీసేవాళ్లకి ఇంకో గుర్తు చెప్తాను. కొన్ని నాజిళ్లు మూసుకుపోతే పేజీకి అడ్డంగా సన్నటి తెల్ల గీతలు వస్తాయి, ఇంగ్లీషు అక్షరం అయితే ఎలాగో చదివేస్తాం గానీ మన లిపిలో ఆ గీత పైన పడితే తలకట్లు ఎగిరిపోతాయి, కింద పడితే ఒత్తులు మాయం, పిల్లలు 'అమ్మ'ని 'అమ' అని చదువుతారు. మే నెల ఎండల్లో వారం పాటు ప్రింటరు ముట్టుకోకపోతే మా ఇంట్లో ఇదే జరుగుతుంది. అప్పుడు ప్రింటరు తనంతట తనే నాజిళ్లు శుభ్రం చేసుకునే 'హెడ్ క్లీనింగ్' ఒకటికి రెండుసార్లు చాలు, అదే పనిగా నొక్కితే పోయించుకున్న ఇంకంతా ప్రింటరు అడుగునున్న దూదిలోకి పోతుంది. దానికంటే పళ్లెంలో పలచగా గోరువెచ్చని నీళ్లు పోసి నాజిల్ భాగం మాత్రమే మునిగేలా కొద్ది నిమిషాలు ఉంచి, టిష్యూ మీద అద్దండి, రుద్దకండి. రాగి చుక్కల్లాంటి కాంటాక్టులు తడి లేకుండా తుడిచి, ఆరాకే లోపల పెట్టండి.

కలర్ కార్ట్రిడ్జ్‌లో మూడు అరలుంటాయి, ఏ రంధ్రం ఏ రంగుదో మోడల్‌ని బట్టి మారుతుంది. టూత్‌పిక్ గుచ్చి చూడకుండా అలవాటుగా పోసేస్తే పసుపులో నీలం కలిసి ఫొటోలో పెళ్లికూతురు మొహం ఆకుపచ్చగా వస్తుంది. దీనికి ఇంట్లో మందు లేదు. ఇంకు రకం కూడా చూడాలి. నలుపు చాలావాటిలో పిగ్మెంట్ (సన్నటి పొడి కలిపిన ఇంకు), రంగులు డై (పూర్తిగా కరిగిన రంగు). రంగుల అరల్లో పిగ్మెంట్ పోస్తే మూసుకుపోతుంది.

రీఫిల్ అంటే ఏదో దొంగపని అన్నట్టు మాట్లాడేవాళ్లకి ఒక మాట. అమెరికా సుప్రీంకోర్టే 2017లో లెక్స్‌మార్క్ అనే ప్రింటర్ల కంపెనీ కేసులో, కార్ట్రిడ్జ్ ఒకసారి అమ్మేశాక దాని మీద కంపెనీ పేటెంటు హక్కు చెల్లదని తేల్చింది. మన దగ్గరైతే 2022 ఈ-వ్యర్థాల నియమాల జాబితాలో ప్రింటర్లతో పాటు కార్ట్రిడ్జులనీ చేర్చారు, కాబట్టి నిజంగా మాడిపోయినదాన్ని కూడా కార్పొరేషన్ చెత్తబండిలో వెయ్యకూడదు.

కొట్లవాళ్లని నేను అడిగేది పెద్దదేం కాదు. ఏ రకం ఇంకు పోశారో బిల్లు మీద రాయండి, పోసిన వెంటనే మా ఎదురుగా ఒక నాజిల్ చెక్ పేజీ (నాజిళ్లన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపించే పేజీ) తీసి చూపించండి. ఆ పేజీ తియ్యని కొట్టుకి నేనైతే వెళ్లను.

ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై