‘పరిష్కరించబడింది’ అని మీరు మూసేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీరు మూడుసార్లు మూసేసిన, నేను నాలుగోసారి తెరుస్తున్న ఫిర్యాదు.

అయ్యా,

ఈ ఉత్తరం పెయింట్ గురించి కాదని ముందే చెప్తున్నాను. ఇంట్లో గిటార్లకు రంగులు వేసుకునేవాళ్లకు పెయింట్ పాడవడం కొత్తేం కాదు. ఒకరోజు రంగు కారుతుంది, ఒకరోజు దుమ్ము అంటుకుంటుంది, గాలిలో తేమ ఎక్కువున్న రోజు త్వరగా ఆరే లాకర్ పూత తెల్లగా పాలిపోతుంది. తిట్టుకుంటూ మళ్లీ శాండ్‌పేపర్ పట్టుకుంటాం. ఆ బాధ మేం కోరి తెచ్చుకున్నదే.

జరిగింది రెండు ముక్కల్లో చెప్తాను. నేనడిగిన షేడ్ కలిపి మీరు పంపిన కలర్ క్యాన్‌కీ, అదే పెట్టెలో పంపిన క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) క్యాన్‌కీ పడలేదు. క్లియర్ రెండో కోటు కొట్టిన పది నిమిషాలకే గిటార్ బాడీ అంతా ముడతలు పడింది. ఫ్యాక్టరీ వేసిన పాత పాలియెస్టర్ కోటును హీట్ గన్‌తో ఊడదీయడానికి రెండు ఆదివారాలు, 220 నంబరు శాండ్‌పేపర్ నుంచి 400 నంబరు దాకా రుద్దడానికి ఒకటి, ప్రైమర్‌కి ఇంకొకటి పట్టాయి. పోతే పోయాయి అనుకుని లేబుల్ మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

మొదట ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా, “మీది లోపలి గోడా సర్, బయటి గోడా?” అని అడిగింది. గోడ కాదమ్మా, గిటార్ అన్నాను. పావుగంట హోల్డ్‌లో పెట్టింది. (హోల్డ్‌లో మీరు వినిపించేది ఎలక్ట్రిక్ గిటారే, ఎప్పుడైనా విన్నారా?) తిరిగొచ్చి, “సిస్టమ్‌లో గిటార్ అనే ఆప్షన్ లేదు సర్, ఫర్నిచర్ అని పెట్టనా?” అంది. పెట్టమన్నాను. నేను చేసిన తప్పేదైనా ఉంటే అదొక్కటే.

రెండో ఆయనకి క్యాన్ అడుగునున్న బ్యాచ్ నంబరు కావాలి. చదివాను. ఒక అంకె ఎక్కువొచ్చిందన్నాడు. మళ్లీ చదివాను. మళ్లీ ఎక్కువే వచ్చింది. ఫోటో పంపమన్నాడు. పంపితే ఫైల్ పెద్దదట. చిన్నది చేసి పంపితే కనిపించడం లేదట. మధ్యరకంగా ఒకటి పంపాను, దానికి జవాబే లేదు. మూడో రోజు మెసేజ్ వచ్చింది: “మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?”

మూడో ఆయన నా ఫైల్ తెరిచి, పని కార్పెంటర్ చేత చేయించారా అని అడిగాడు. సొంతంగా చేశానంటే కాసేపు ఆలోచించి, “ఇప్పుడు గిటార్ మోగుతోందా సర్?” అన్నాడు. తీగలు, పికప్‌లు, బ్రిడ్జి అన్నీ విప్పి డబ్బాలో పెట్టానయ్యా, ఎలా మోగుతుంది అన్నాను. “అయితే మీరు గిటార్ కంపెనీని సంప్రదించాలి” అని, నేను నోరు తెరిచేలోపే రెండోసారి మూసేశాడు.

తర్వాత టెక్నికల్ టీమ్. 48 గంటల్లో ఫోన్ చేస్తారన్నారు. ఆరో రోజున ఒక్క రింగు వచ్చి ఆగింది. తిరిగి చేస్తే ఆ నంబరుకి ఇన్‌కమింగ్ లేదు. నా టికెట్‌లో మాత్రం నీట్‌గా రాసుకున్నారు: “కస్టమర్ అందుబాటులో లేరు. పరిష్కరించబడింది.”

ఇంతకీ వాళ్లను నేను అడగాలనుకున్నవి రెండే ప్రశ్నలు. మీ కలర్ నెమ్మదిగా గట్టిపడే ఎనామెలా, త్వరగా ఆరే లాకరా? ఎనామెల్ మీద లాకర్ కొడితే అందులోని సాల్వెంట్ కింది కోటును కొరికి ముడతలు లేపుతుందని ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. మరి రెండూ ఒకే పెట్టెలో ఎలా పెట్టారు? రెండోది, ఆ క్లియర్‌లో పూతను గట్టిపరిచే ఐసోసైనేట్ హార్డెనర్ అనే రసాయనం ఉందా? ఉంటే ముక్కుకి గుడ్డ కట్టుకుంటే చాలదు, అది ఊపిరితిత్తుల సంగతి. ఇదే ప్రశ్న మీ చాట్‌లో అడిగితే, “మా కొత్త షేడ్ కార్డ్ చూశారా?” అని వచ్చింది. చూశాను. బాగుంది.

ఎనిమిదేళ్లుగా మీ క్యాన్లే కొంటున్నాను. ఇది నా ఐదో గిటార్. స్నేహితులకి, మా బావకి, అడగనివాళ్లకి కూడా మీ పేరే చెప్పాను. ఇప్పుడు మా బావ నవ్వుతున్నాడు. 1950ల్లోనే అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ వాళ్లు డ్యూపాంట్ కంపెనీ కార్ల పెయింట్ తెచ్చి గిటార్లకి వేశారు. కారు రంగు గిటార్ మీదికెక్కి అరవై ఏళ్లు దాటింది, మీ సిస్టమ్‌లోకి మాత్రం గిటార్ ఇంకా ఎక్కలేదు.

డబ్బు తిరిగిస్తారో, కొత్త క్యాన్లు పంపుతారో మీ ఇష్టం. నిజానికి రెండూ లేకపోయినా, జీవితంలో ఒక్కసారైనా స్ప్రే గన్ పట్టుకున్న మనిషెవరైనా ఫోన్ చేసి నేను చెప్పేది చివరిదాకా వింటే సగం కోపం తగ్గేది. ఆ రోజులు దాటిపోయాయి. వారంలోగా ఫోన్ రాకపోతే వినియోగదారుల కోర్టుకి వెళ్తాను. మీ మూడు ‘పరిష్కరించబడింది’లూ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను. ముడతలు పడ్డ బాడీని మాత్రం ప్యాక్ చేసి నేరుగా మీ ఎండీ గారి గదికే పంపిస్తాను. ఏదో ఒక మూల వేసుకోమనండి. మీ లెక్కలో అది ఫర్నిచరే కదా.

ఇట్లు,
మీ ఫర్నిచర్ కస్టమర్